తొమ్మిదికి తొమ్మిది గెలిచినా పిలుపు రాలేదు: 1951 శాన్ ఫ్రాన్సిస్కో డాన్స్ సీజన్ వెనక లెక్కలు

క్లుప్తంగా: 1951లో శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ‘డాన్స్’ (Dons) ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచింది. అయినా కొత్త సంవత్సరం నాటి ‘బౌల్’ పోటీలకు దాన్ని ఎవరూ పిలవలేదు. షెడ్యూల్ బలహీనమని నిర్వాహకులు చెప్పారు. జట్టులోని ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను వదిలి రమ్మన్నారని ఆటగాళ్లు చెప్పారు. కొద్ది వారాలకే యూనివర్సిటీ ఫుట్‌బాల్‌నే ఎత్తేసింది. బౌల్ పిలుపు రాకపోవడానికి వివక్షే ప్రధాన కారణంగా కనిపిస్తుంది. జట్టు మూతపడటానికి మాత్రం డబ్బు లెక్కలే కారణం. ఈ రెండింటినీ ఒకే కథగా చెప్పడం వల్లే గందరగోళం వస్తోంది.

2023 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ జట్టు 13 మ్యాచ్‌లకు 13 గెలిచి కూడా నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు ఎంపిక కాలేదు. అమెరికా క్యాంపస్‌లలో వేల సంఖ్యలో ఉన్న తెలుగు విద్యార్థుల్లో ఈ ఆటను కొత్తగా చూస్తున్నవాళ్లకు ఇది అంతుపట్టలేదు. క్రికెట్‌లో పాయింట్ల పట్టిక ఉంటుంది, పైనున్నవాడు ముందుకెళ్తాడు. ఇక్కడ అన్నీ గెలిచినవాడు ఇంటికెళ్లడమేమిటి? అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో గెలుపు ఒక అర్హత మాత్రమే. ఆహ్వానం వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. ఈ తేడా ఎంత దూరం పోగలదో 1951 నాటి డాన్స్ జట్టు చూపిస్తుంది.

ఆ జట్టు

శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ జెస్యూట్ ఫాదర్లు నడిపే కేథలిక్ సంస్థ. చిన్నది. ఏ కాన్ఫరెన్స్‌లోనూ (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి) లేకుండా స్వతంత్రంగా ఆడేది. కోచ్ జో కుహారిచ్. ప్రచార బాధ్యతలు చూసిన కుర్రాడు పీట్ రోజెల్, తర్వాత రోజుల్లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు దాదాపు మూడు దశాబ్దాలు కమిషనర్‌గా ఉన్నాడు.

జట్టులో పేరున్నవాడు ఆలీ మాట్సన్. బంతి పట్టుకుని పరిగెత్తడంలో ఆ ఏడు దేశంలోనే మొదటివాడు: 1,566 గజాలు, 21 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తేవడం). అతనూ, డిఫెన్స్‌లో స్తంభంలాంటి బర్ల్ టోలర్, ఇద్దరూ సిటీ కాలేజ్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కోలో కలిసి ఆడి 1948లో ఓటమెరగని జట్టు నుంచి ఇక్కడికి వచ్చారు. 1951 డాన్స్‌లో నల్లజాతివాళ్లు ఈ ఇద్దరే. ఇటాలియన్ వలస కుటుంబంలో పుట్టిన జీనో మార్చెట్టి పద్దెనిమిదేళ్లకే యూరప్ యుద్ధరంగం చూసి వచ్చినవాడు. 6 అడుగుల 9 అంగుళాల బాబ్ సెయింట్ క్లెయిర్ లైన్‌లో నిలబడేవాడు. మాట్సన్, మార్చెట్టి, సెయింట్ క్లెయిర్ ముగ్గురూ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఒకే కాలేజీ జట్టులో ఒకే సీజన్‌లో ముగ్గురు అలాంటివాళ్లు ఉండటం చాలా అరుదు.

ఈ జట్టు బలమెంతో చెప్పాలంటే న్యూయార్క్‌లో ఫోర్డ్‌హామ్‌తో ఆడిన మ్యాచ్ చాలు. ప్రత్యర్థి పాయింట్లు కొట్టిన ప్రతిసారీ బంతిని అవతలివైపు తన్ని ఆట మళ్లీ మొదలుపెడతారు. ఆ బంతిని అందుకున్నవాడు ఇరవై, ముప్పై గజాలు లాక్కొస్తే మంచి పరుగు కింద లెక్క. మాట్సన్ ఆ మ్యాచ్‌లో అలాంటి బంతిని రెండుసార్లు చివరిదాకా తీసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. రెండూ సుమారు తొంభై గజాల పరుగులే. స్కోరు 32–26. సీజన్ మొత్తంలో డాన్స్‌కు చెమట పట్టించింది ఈ ఒక్క మ్యాచే. నవంబరులో స్టాక్టన్ వెళ్లి కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌ను 47–14తో చిత్తు చేశారు. ఆఖరి మ్యాచ్‌లో లాస్ ఏంజిలెస్ లయోలాను 20–2తో ఓడించారు.

ఇంత చేసినా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ చివరి ర్యాంకుల్లో దక్కింది 14వ స్థానం. ఆ రోజుల్లో పాత్రికేయులు ఓట్లు వేసి ర్యాంకులు తేల్చేవారు. చివరి ఓటు కూడా బౌల్ మ్యాచ్‌లకు ముందే పడిపోయేది. ఆ ఏడు నంబర్ వన్‌గా తేలిన టెనెసీ, జనవరి 1న షుగర్ బౌల్‌లో మేరీలాండ్ చేతిలో 28–13తో ఓడింది. కిరీటం మాత్రం టెనెసీ దగ్గరే ఉండిపోయింది.

బౌల్ అంటే ఎవరి పండగ

బౌల్ మ్యాచ్‌లు పుట్టింది క్రీడా సంఘాల ఆలోచనతో కాదు. చలికాలంలో పర్యాటకులను రప్పించుకోవాలని ఆయా నగరాల వ్యాపారులు, హోటళ్లవాళ్లు, పౌర ప్రముఖులు కమిటీలు పెట్టుకుని మొదలుపెట్టారు. సంక్రాంతికి జనం పోగవుతారని పందెం బరులు వేసే ఊరి పెద్దల లెక్కే వాళ్లదీ: ఎవరు గొప్ప అన్నదానికన్నా ఎవరొస్తే ఊరు నిండుతుంది అన్నది ముఖ్యం. జట్టును పిలిచేది కమిటీ. ఆ కమిటీ జవాబు చెప్పుకోవాల్సింది స్థానిక సమాజానికి.

1951 నాటికి పెద్ద బౌల్స్ ఐదు. కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ శాన్ ఫ్రాన్సిస్కోకు అన్నిటికన్నా దగ్గర. కానీ 1946లో కుదిరిన ఒప్పందం ప్రకారం అందులో పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, బిగ్ టెన్ కాన్ఫరెన్స్ జట్లు తప్ప వేరేవాళ్లకు చోటు లేదు. స్వతంత్ర జట్టు ఎంత గెలిచినా ఆ తలుపు తెరుచుకోదు. డల్లాస్‌లోని కాటన్ బౌల్‌లో ఒక స్థానం టెక్సాస్ ప్రాంతపు సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ విజేతది. ఇక మిగిలినవి న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్, మయామీలో ఆరెంజ్ బౌల్, జాక్సన్‌విల్‌లో గేటర్ బౌల్. మూడూ దక్షిణాదివే. జాతి విభజన చట్టాలు నిక్షేపంగా అమలవుతున్న రాష్ట్రాలవి.

అంటే పశ్చిమ తీరపు స్వతంత్ర జట్టు గెలుపును డబ్బుగా, పేరుగా మార్చుకోవాలంటే దక్షిణాదికి వెళ్లక తప్పదు. డాన్స్ చిక్కంతా ఇక్కడే ఉంది.

‘పెద్దమనుషుల ఒప్పందం’ ఎలా పనిచేసేది

దక్షిణాది కాలేజీలు చాలాకాలం ఒక అలిఖిత నియమం పాటించాయి. అవతలి జట్టులో నల్లజాతి ఆటగాడు ఉంటే ఆడరు, లేదా అతణ్ని ఊళ్లోనే వదిలి రమ్మంటారు. ఉత్తరాది కాలేజీలు చాలావరకు కిక్కురుమనకుండా ఒప్పుకునేవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇందులో పగుళ్లు వచ్చాయి. 1946లో పెన్ స్టేట్ ఆటగాళ్లు తమ నల్లజాతి సహచరులు లేకుండా మయామీలో ఆడమని తేల్చి చెప్పి మ్యాచే రద్దు చేసుకున్నారు. అదే పెన్ స్టేట్ 1948 జనవరిలో వాలెస్ ట్రిప్లెట్, డెన్నీ హాగార్డ్‌లతో కలిసి డల్లాస్ కాటన్ బౌల్‌లో ఆడింది. సదరన్ మెథడిస్ట్‌తో ఆ మ్యాచ్ 13–13తో సమమైంది. స్కోరు సమం చేసిన టచ్‌డౌన్ ట్రిప్లెట్‌దే.

ఆ ఏడాది చివర్లోనే వ్యతిరేక ఉదాహరణ కూడా వచ్చింది. టెక్సాస్‌లోని ఎల్ పాసో నగరపు సన్ బౌల్, పెన్సిల్వేనియాకు చెందిన లఫాయెట్ కాలేజీని పిలిచింది. డేవిడ్ షోవెల్ అనే నల్లజాతి ఆటగాడు ఆడటానికి వీల్లేదని తెలిశాక లఫాయెట్ ఆ పిలుపు వదులుకుంది. దక్షిణాది అంతటా ఒకే గోడ లేదు. ఊరిని బట్టి, కమిటీని బట్టి, ఎదురుగా ఆడే కాలేజీని బట్టి గోడ ఎత్తు మారేది. టెక్సాస్ కాస్త ముందు మెత్తబడింది. లూసియానా, ఫ్లోరిడా తీరు వేరు.

1951 సీజన్‌లోనే జాన్నీ బ్రైట్ ఘటన జరిగింది. డ్రేక్ యూనివర్సిటీకి ఆడే ఈ నల్లజాతి ఆటగాడిని ఓక్లహామా ఎ అండ్ ఎం ఆటగాడు బంతితో సంబంధం లేకుండా కొట్టి దవడ విరగ్గొట్టాడు. ఆ వరుస ఫొటోలు అయోవా పత్రికలో అచ్చయి, ఫొటోగ్రాఫర్లకు పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టాయి. దేశం ఈ ఫొటోలు చూసిన కొద్ది వారాల్లోనే బౌల్ కమిటీలు తమ జాబితాలు రాసుకున్నాయి.

‘షెడ్యూల్ బలహీనం’ అన్న మాటలో నిజమెంత

నిర్వాహకులు చెప్పిన కారణం పూర్తిగా కట్టుకథ కాదు. డాన్స్ ఓడించిన జట్లలో రెండు సైనిక శిబిరాల జట్లు: క్యాంప్ పెండిల్టన్ మెరీన్లు, శాన్ డియాగో నావికా శిక్షణ కేంద్రం. శాన్ హోసే స్టేట్‌తో ఒకే సీజన్‌లో రెండుసార్లు ఆడారు. పక్కనే ఉన్న కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్ ఆ ఏడు షెడ్యూల్లో లేవు.

అయితే షెడ్యూల్ ఎందుకలా ఉందో కూడా చూడాలి. పెద్ద కాలేజీకి చిన్న స్వతంత్ర జట్టుతో ఆడటం నష్టాల బేరం. గెలిస్తే ‘అంతేగా’ అంటారు, ఓడితే పరువు పోతుంది. టికెట్ల రాబడి కూడా పెద్ద జట్టుతో ఆడినంత రాదు. చిన్న జట్టు ఎంత గట్టిదైతే పెద్దవాళ్లు అంత దూరం జరుగుతారు. షెడ్యూల్ బలహీనపడుతుంది, ర్యాంకు పడుతుంది, ఆ ర్యాంకు చూపించి బౌల్ పిలుపు నిరాకరిస్తారు.

ఇతర పోలికలు చూస్తే అధికారిక కారణం మరింత పలచబడుతుంది. గేటర్ బౌల్ పిలిచిన జట్లలో క్లెమ్సన్ అప్పటికి రెండు మ్యాచ్‌లు ఓడింది, మయామీ మూడు ఓడింది. పైగా సదరన్ కాన్ఫరెన్స్ ఆ ఏడు తన జట్లను బౌల్స్‌కు వెళ్లొద్దని నిషేధించింది. ఆ నిషేధాన్ని ధిక్కరించిన క్లెమ్సన్‌ను గేటర్ బౌల్, మేరీలాండ్‌ను షుగర్ బౌల్ ఆనందంగా ఆడించాయి. కావాలనుకున్నప్పుడు కమిటీలకు నియమాలు అడ్డు కాలేదన్నమాట. ఆరెంజ్ బౌల్ విషయానికొస్తే, రెండేళ్ల క్రితమే శాన్ ఫ్రాన్సిస్కో పొరుగున ఉన్న మరో జెస్యూట్ సంస్థ శాంటా క్లారాను పిలిచింది. రెండు ఓటములు, ఒక డ్రాతో వెళ్లిన శాంటా క్లారా అక్కడ కెంటకీని 21–13తో ఓడించింది. న్యాయంగా చెప్పాలంటే శాంటా క్లారా ఆ సీజన్‌లో కాలిఫోర్నియా, ఓక్లహామా లాంటి గట్టి జట్లతో ఆడింది. షెడ్యూల్ వాదనకు ఆ మేరకు బలముంది. కానీ చిన్న కాలేజీ, కేథలిక్ కాలేజీ, దూరపు కాలేజీ అన్నవి వాటంతటవి అనర్హతలు కావని కూడా ఇదే రుజువు చేస్తుంది.

చిక్కుముడి మరొకటుంది. డాన్స్ చేతిలో 47–14తో ఓడిన కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌కు సన్ బౌల్ పిలుపు వచ్చింది. అక్కడ టెక్సాస్ టెక్ చేతిలో 25–14తో ఓడింది కూడా. పసిఫిక్ జట్టులోనూ ఎడ్డీ మేకన్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. కాబట్టి ‘నల్లజాతి ఆటగాళ్లున్న ఏ జట్టునూ దక్షిణాది పిలవలేదు’ అనడం తప్పు. మూడేళ్ల క్రితం లఫాయెట్‌ను కాదన్న ఎల్ పాసో ఈసారి ఒప్పుకుంది. మయామీ, న్యూ ఆర్లియన్స్, జాక్సన్‌విల్ ఒప్పుకోలేదు.

మాట్సన్, టోలర్‌లను ఇంట్లో వదిలి వస్తే చోటు దొరుకుతుందన్న సంకేతం అందిందని, జట్టు ముక్తకంఠంతో వద్దందని ఆటగాళ్లు తర్వాతి దశాబ్దాల్లో పలుమార్లు చెప్పారు. ఇలాంటి బేరాలు కాగితం మీద నడవవు. కాబట్టి ఈ భాగానికి ప్రధాన ఆధారం వాళ్ల మాటే. అయితే ఆనాటి ఆనవాయితీకి ఆ మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. నాలుగేళ్ల తర్వాత, 1956 జనవరి షుగర్ బౌల్‌కు బాబీ గ్రియర్ అనే నల్లజాతి ఆటగాడితో పిట్స్‌బర్గ్ వచ్చినప్పుడు, ప్రత్యర్థి జార్జియా టెక్ ఆడకూడదంటూ జార్జియా గవర్నర్ మార్విన్ గ్రిఫిన్ బహిరంగంగా అడ్డుపడ్డాడు. మ్యాచ్ జరిగింది. కానీ అదే ఏడాది లూసియానా శాసనసభ నల్లజాతి, శ్వేతజాతి వాళ్లు కలిసి ఆడటాన్నే నిషేధించే చట్టం చేసింది. కోర్టులు దాన్ని కొట్టేయడానికి 1959 దాకా పట్టింది. 1951లో షుగర్ బౌల్ తలుపు ఎంత గట్టిగా మూసి ఉందో ఊహించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఖజానా ఎందుకు ఖాళీ అయింది

జట్టు మూసివేత సంగతి వేరు. బౌల్‌కు వెళ్లి ఉంటే ఫుట్‌బాల్ బతికేదని తరచూ అంటుంటారు. ఆ మాట నిలబడదు.

యుద్ధానంతర కాలంలో కాలేజీ ఫుట్‌బాల్ ఒక్కసారిగా ఉబ్బింది. 1944 జీఐ చట్టం కింద ప్రభుత్వ ఖర్చుతో చదువుకోవడానికి మాజీ సైనికులు క్యాంపస్‌లకు పోటెత్తారు. 1947 నాటికి కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం వాళ్లే. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల గట్టిపిండాలు జట్లలోకి వచ్చారు, వాళ్ల ఫీజులు సర్కారు కట్టింది. 1950 దాటేసరికి ఆ అల తగ్గింది. కొరియా యుద్ధం కోసం కుర్రాళ్లను సైన్యంలోకి తీసుకుంటుండటంతో ప్రైవేటు కాలేజీల అడ్మిషన్లు దెబ్బతిన్నాయి.

అదే సమయంలో ఖర్చు పెరిగింది. యుద్ధకాలపు ఆటగాళ్ల కొరత వల్ల 1941లో ఎంతమందినైనా మార్చుకోవచ్చని నిబంధన సడలించారు. కొరత తీరాక పెద్ద కాలేజీలు ఆ సడలింపును వేరేలా వాడుకున్నాయి: దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది. ఇద్దరు చేసే పనికి నలుగురిని పెట్టుకోగల స్తోమత ఉన్నవాడిదే పైచేయి. డాన్స్‌లో మాట్సన్, మార్చెట్టి, టోలర్ లాంటివాళ్లు రెండు వైపులా ఆడి ఈ తేడాను శరీరంతో పూడ్చారు. అలాంటివాళ్లు ప్రతి ఏటా దొరకరు. 1953లో ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నారు. అందుకు చెప్పిన కారణాల్లో చిన్న కాలేజీల ఖర్చు ఒకటి. డాన్స్‌కు అది రెండేళ్లు ఆలస్యం.

రాబడి వైపు రెండు గండ్లు పడ్డాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 1946 నుంచి ఫార్టీనైనర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు ఆడుతోంది. డాన్స్ ఆడే కెజార్ స్టేడియమే వాళ్లదీ. ఊళ్లో ఫుట్‌బాల్ కోసం జేబులో చెయ్యి పెట్టేవాడికి ఆదివారం వేరే ఆకర్షణ ఉంది. రెండోది టెలివిజన్. 1951 నాటికి దేశంలో సెట్లు కోటి దాటాయి. మ్యాచ్‌లు టీవీలో వస్తే స్టేడియాలు ఖాళీ అవుతాయన్న భయంతో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆ ఏడే ప్రత్యక్ష ప్రసారాలపై గట్టి పరిమితి పెట్టింది. తమ సొంత ప్రసార ఒప్పందాలు పోతాయని నోటర్‌డామ్, పెన్సిల్వేనియా అభ్యంతరం చెప్పాయి. చిన్న కాలేజీకి రెండు విధాలా నష్టమే: ప్రసారం లేకపోతే పేరు రాదు, వేరే పెద్ద మ్యాచ్ ప్రసారమైతే ప్రేక్షకుడు ఇంట్లో కూర్చుంటాడు.

ఈ ఒత్తిడి ఒక్క శాన్ ఫ్రాన్సిస్కోకు పరిమితం కాదు. నగరాల్లోని కేథలిక్ కాలేజీలు వరసగా ఫుట్‌బాల్ వదిలేశాయి. 1950 సీజన్ తర్వాత జార్జ్‌టౌన్, సెయింట్ మేరీస్. 1951 తర్వాత డాన్స్‌తో పాటు, వాళ్ల చేతిలో ఆఖరి మ్యాచ్ ఓడిన లయోలా. 1952 తర్వాత శాంటా క్లారా. 1954 తర్వాత ఫోర్డ్‌హామ్. వీటిలో సెయింట్ మేరీస్ 1946 జనవరిలో షుగర్ బౌల్ ఆడింది. శాంటా క్లారా 1950లో ఆరెంజ్ బౌల్ గెలిచింది. అయినా మూతపడ్డాయి. ఒక బౌల్ చెక్కు ఒక ఏడాది లోటును పూడ్చగలదేమో, ఏటేటా పెరిగే లోటును కాదు. డాన్స్‌కు పిలుపు వచ్చి ఉంటే ఇంకో సీజన్, మహా అయితే రెండు సీజన్లు సాగేవి.

అదే యూనివర్సిటీ, వేరే ఆట

నాలుగేళ్లు తిరక్కుండానే ఈ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్‌లో జాతీయ విజేత అయింది. బిల్ రసెల్, కేసీ జోన్స్ లాంటి నల్లజాతి ఆటగాళ్లతో 1955లోనూ, 1956లోనూ వరసగా గెలిచింది. వరసగా 60 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడింది. దక్షిణాదిలో ఆ జట్టుకూ అవమానాలు తప్పలేదు. కానీ రెండు తేడాలు కాపాడాయి. బాస్కెట్‌బాల్‌కు ఐదుగురు చాలు, ఖర్చు తక్కువ. అంతకన్నా ముఖ్యమైనది, విజేతను తేల్చేది ఎన్‌సీఏఏ నడిపే నాకౌట్ టోర్నమెంట్. ఒకసారి అందులో అడుగుపెడితే తర్వాతి రౌండుకు పోవాలా వద్దా అన్నది ఏ ఊరి కమిటీ చేతిలోనూ ఉండదు, స్కోరు తేలుస్తుంది. ఫుట్‌బాల్‌లో అలాంటి నాకౌట్ ప్లేఆఫ్ పెద్ద కాలేజీలకు వచ్చింది 2014 సీజన్‌లో. అందులోనూ జట్లను ఎంపిక చేసేది కమిటీయే. 2024 నుంచి జట్లు పన్నెండయ్యాయి, కొన్ని చోట్లు కాన్ఫరెన్స్ విజేతలకు ఖాయమయ్యాయి.

తర్వాత ఎవరెటు

కాలేజీ వ్యవస్థ కాదన్నవాళ్లను ప్రొఫెషనల్ లీగ్ ఏరుకుంది. అక్కడ లెక్క వేరు: ఆటగాడి పనితనం టికెట్లు అమ్ముతుంది కాబట్టి కొనుగోలుదారులు ఉంటారు. 1952 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మాట్సన్‌ను షికాగో కార్డినల్స్ మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. కోచ్ కుహారిచ్ కూడా అదే జట్టుకు వెళ్లాడు. మధ్యలో మాట్సన్ హెల్సింకి ఒలింపిక్స్‌లో పరిగెత్తి 400 మీటర్లలో కాంస్యం, రిలేలో రజతం తెచ్చుకున్నాడు. మార్చెట్టి బాల్టిమోర్ కోల్ట్స్ చరిత్రలో భాగమయ్యాడు. ఇంకా చదువు మిగిలిన సెయింట్ క్లెయిర్, జట్టే లేకపోవడంతో తుల్సా యూనివర్సిటీకి మారి ఆఖరి ఏడాది అక్కడ ఆడాడు.

టోలర్‌కు అదృష్టం కలిసిరాలేదు. 1952లో కాలేజీ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని ఆటగాడిగా అతని కెరీర్ మొదలవకుండానే ముగిసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో టీచరై, ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి నల్లజాతి అఫీషియల్‌గా (మ్యాచ్ నడిపే రిఫరీల బృందంలో ఒకడిగా) మైదానంలోకి తిరిగొచ్చాడు.

ప్రచారం చూసుకున్న పీట్ రోజెల్ దారి ఆర్థిక కోణంలో ఆసక్తికరం. 1959లో లాస్ ఏంజిలెస్ రామ్స్ జనరల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు మాట్సన్ ఒక్కడి కోసం తొమ్మిది మందిని ఇచ్చేశాడు. రామ్స్‌కు ఆ బేరం పెద్దగా కలిసిరాలేదు. 1960లో కమిషనర్ అయ్యాక జట్లన్నీ టీవీ హక్కులను విడివిడిగా కాకుండా కలిపి అమ్ముకునేలా యజమానులను ఒప్పించాడు. 1961లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ అందుకు చట్టబద్ధత కల్పించింది. 1962లో టీవీ సంస్థ సీబీఎస్ ఏడాదికి 46.5 లక్షల డాలర్లకు హక్కులు కొన్నప్పుడు, ఆ సొమ్ము న్యూయార్క్ లాంటి మహానగరపు జట్టుకూ, గ్రీన్ బే లాంటి చిన్న ఊరి జట్టుకూ సమానంగా వెళ్లింది. కాలేజీ ఫుట్‌బాల్ మాత్రం 1984 దాకా ఎన్‌సీఏఏ పరిమితుల కిందే నడిచింది. ఆ ఏడు సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేశాక టీవీ డబ్బు పెద్ద కాన్ఫరెన్స్‌ల వైపు మళ్లింది. స్వతంత్ర జట్లలో నోటర్‌డామ్ సొంత టీవీ ఒప్పందంతో నిలదొక్కుకోగలిగింది, మిగిలినవాటిలో చాలావరకు ఏదో ఒక కాన్ఫరెన్స్‌లో చేరాయి.